ముందుగా చూడవలసిన జబ్బు

గత మాసంలో మా మహిళా కార్యక్రమానికి ఒక ఉత్తరం వచ్చినది. వ్రాసిన ఆమె తన పేరు ప్రసారం చేయవద్దని కోరినది కనుక ఊరి పేరు కూడా చెప్పను. ఆమె తల్లికి యాభైరెండేండ్లు. ముట్లుడిగిన నాలుగేండ్లకు మళ్ళీ ఎర్రబట్ట కనిపించినదట. మగవారికి చెప్పుకోవడానికి సిగ్గుపడి, కూతురుకు చెబితే కంగారు పడుతుందని దాచి, ఆ తల్లి పదకొండు నెలలు గడిపినదట. తీరా పట్నం తీసుకొని వెళ్ళేసరికి, గర్భకోశపు ముఖద్వారంలో పుట్టిన క్యాన్సర్ చుట్టుపక్కలకు ప్రాకినదని వైద్యులు చెప్పినారట. ఉత్తరం చివర ఆమె రెండు ప్రశ్నలు అడిగినది. "ఈ జబ్బును ముందుగా కనిపెట్టే సాధనం ఏదీ లేదా? ఉంటే, ఆ సంగతి మాకు ఎవరూ ఎందుకు చెప్పలేదు?"

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవలసినది వైద్యశాస్త్రం. ఆ జవాబు చాలాకాలం క్రిందటనే సిద్ధమైనది. రెండవ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు ప్రభుత్వం వారు, సమాజం, మన ఇండ్లలోని పెద్దలు. ఈ పూట నేను ముఖ్యంగా మనవి చేయదలచినది ఆ రెండవ జవాబును గురించి.

మన పెద్దలు రాచపుండు అని పిలిచిన క్యాన్సర్ జబ్బులలో ఇది ఒక విలక్షణమైనది. చాలా క్యాన్సర్లు ఎప్పుడు పుట్టినవో ఎవరికీ తెలియదు. దీని పుట్టుక మాత్రం తెలుసును. హ్యూమన్ పాపిల్లోమా వైరస్, అనగా హెచ్.పి.వి. అనే సూక్ష్మజీవి దాంపత్య సంబంధం ద్వారా సోకుతుంది. ఇది అత్యంత సామాన్యమైన సంగతి. వివాహిత స్త్రీలలో అనేకులకు ఏదో ఒకనాడు ఇది సోకే ఉంటుంది. అందుచేత దీనిలో ఎవరి శీలాన్నీ శంకించవలసిన పని లేదు. సోకినవారిలో అత్యధికులకు ఒకటి రెండేండ్లలో శరీరమే దానిని వెళ్ళగొడుతుంది. ఏ కొద్దిమందిలోనో అది తిష్ఠ వేసుకుంటుంది. అట్లా నిలిచినచోట ముఖద్వారపు పైపొరలో మెల్లగా మార్పులు పుడతవి. ఆ మార్పులు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏండ్లు పడుతుంది. ఇంత సుదీర్ఘమైన వ్యవధి ఇచ్చే శత్రువు మరొకటి అరుదు. ఆ వ్యవధిలో ఒక్కసారి సరిగా చూచినా, మార్పు చెందిన పొరను కొద్ది నిమిషాలలో తొలగించవచ్చును. జబ్బు పుట్టకముందే పోతుంది.

అయినా జరుగుతున్నదేమిటి? 2022వ సంవత్సరపు అంచనాల ప్రకారం లోకం మొత్తం మీద 6,60,000 మంది స్త్రీలకు ఈ జబ్బు కొత్తగా వచ్చినది. 3,50,000 మంది మరణించినారు. మన దేశంలోనే ఆ సంవత్సరం 1,27,000 మందికి పైగా జబ్బుపడినారు, దాదాపు 80,000 మంది మరణించినారు. లెక్క వేసి చూస్తే ప్రతి ఏడు నిమిషాలకు ఒకరు. నా ఈ ప్రసంగం ముగిసేలోగా కనీసం ఇద్దరు తల్లులు మన దేశంలో, నివారింపదగిన జబ్బుతో కన్నుమూస్తారు. నివారింపదగిన అన్న మాట మీరు గుర్తుంచుకోవలెను. ఈ ప్రసంగానికి ప్రాణం ఆ మాటలోనే ఉన్నది.

ఈ జ్ఞానం మనుష్యులకు ఎట్లా వచ్చినదో రెండు మాటలలో చెబుతాను. 1842లో ఇటలీ దేశంలోని వెరోనా నగరపు మరణాల పట్టికలను రిగోని-స్టెర్న్ అనే వైద్యుడు పరిశీలించి, ఈ క్యాన్సర్ వివాహితలలో కనిపించినంతగా సన్యాసినులలో కనిపించడం లేదని గమనించినాడు. కారణం మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. తరువాత గ్రీసు దేశం నుండి న్యూయార్క్ చేరిన జార్జి పాపనికొలావ్ అనే శాస్త్రజ్ఞుడు, ముఖద్వారం నుండి రాలిన కణాలను గాజుపలక మీద పూసి సూక్ష్మదర్శినితో చూస్తే రాబోయే జబ్బును పసిగట్టవచ్చునని చెప్పినాడు. ఆయన పరిశోధనకు ఏండ్ల తరబడి తన శరీరం నుండే కణాలనిచ్చి తోడ్పడినది ఆయన భార్య. 1928లో ఆయన ఈ మాట చెప్పినప్పుడు తోటివారు పెడచెవిని పెట్టినారు. 1940 దశకంలో గాని గుర్తింపు రాలేదు. ఆయన పేరు మీదనే నేటికీ దానిని పాప్ పరీక్ష అంటున్నారు. 1980 దశకంలో జర్మను శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ త్సుర్ హౌసెన్ అసలు దోషి హెచ్.పి.వి. అని నిరూపించినాడు. 2008లో ఆయనకు నోబెల్ బహుమానం లభించినది. వెరోనా వైద్యుని సందేహం తీరడానికి నూట నలభై ఏండ్లు పట్టినదన్నమాట.

శాస్త్రం సిద్ధమైన దేశాలన్నిటిలోనూ మరణాలు ఒకే విధంగా తగ్గలేదు. ఇక్కడనే రాజ్యాంగ వ్యవహారం, అనగా ప్రభుత్వ విధానం ప్రవేశిస్తుంది. ఫిన్లండు దేశంలో 1963లో ఈ పరీక్షలను ఆరంభించి, కొద్ది ఏండ్లలో దేశమంతటా విస్తరించినారు. వారు చేసిన పని గొప్ప యంత్రాలు తెప్పించడం కాదు. ఏ ఊరిలో ఏ స్త్రీకి ఎన్నేండ్లో జాబితా వ్రాసుకొని, అయిదేండ్లకొకమారు ప్రతి స్త్రీకీ పేరు పెట్టి ఉత్తరం పంపినారు. రానివారికి మళ్ళీ వ్రాసినారు. దోషం కనిపించినవారిని చికిత్స పూర్తి అయ్యేవరకు వదలలేదు. క్రమక్రమంగా అక్కడ ఈ క్యాన్సర్ మరణాలు నూటికి ఎనభై పాళ్ళు తగ్గిపోయినవి. ఇంగ్లండులో కూడా అదే దశకంలో పరీక్ష మొదలైనది. కాని పిలుపు లేదు, జాబితా లేదు. ఆసుపత్రికి ఏదో పని మీద వచ్చిన పడుచువారికే మళ్ళీ మళ్ళీ పరీక్షలు జరిగినవి. అపాయం ఎక్కువగా ఉన్న నడివయస్సు వారు, పేదవారు మిగిలిపోయినారు. 1988లో పేరుపేరునా పిలిచే పద్ధతి నెలకొల్పిన తరువాతనే అక్కడ మరణాలు గట్టిగా తగ్గనారంభించినవి. పరీక్ష ఒకటే, వైద్యులూ సమర్థులే. తేడా అంతా పిలుపులో ఉన్నది.

మన దేశంలో పాప్ పరీక్షను ఊరూరా నడపడం కష్టం. గాజుపలకను చదవగల నిపుణులు కావలెను. ఫలితం కోసం స్త్రీ మళ్ళీ రావలెను. కూలిపని మానుకొని వచ్చే తల్లికి రెండవ ప్రయాణం ఎంత భారమో మనకు తెలియనిది కాదు. అందుచేత మన శాస్త్రజ్ఞులు ఇంకొక మార్గం వెదకినారు. పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని, మామూలు మాటలలో వినెగారును, దూదితో ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగితే, మార్పు చెందిన చోటు తెల్లగా పాలిపోయి కంటికి కనిపిస్తుంది. దీనికి ప్రయోగశాల అక్కరలేదు, మంచి దీపం, శిక్షణ పొందిన నర్సు చాలును. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో నర్సుల చేత ఈ పరీక్ష జరిపించి, దోషం కనిపించినవారికి చికిత్స చేయించినారు. 2007లో వెలువడిన ఫలితాలలో, పరీక్ష జరిగిన గ్రామాలలో మరణాలు నూటికి ముప్పైఅయిదు పాళ్ళు తగ్గినట్లు తేలినది. బొంబాయి మురికివాడలలో వైద్యవిద్య లేని ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి రెండేండ్లకొకమారు పరీక్ష చేయించగా, నూటికి ముప్పైఒక పాళ్ళు మరణాలు తగ్గినవని 2014లో ప్రకటించినారు. మహారాష్ట్రలోని ఉస్మానాబాదు జిల్లాలో లక్షా ముప్పైవేలకు మించిన స్త్రీల మీద జరిగిన పరిశోధన ఇంకా ప్రసిద్ధమైనది. ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసినంత మాత్రాన ముదిరిన క్యాన్సర్లూ, మరణాలూ సుమారు సగానికి తగ్గినవని 2009లో తెలిసినది. లోకమంతా నేడు ఆ పరీక్షనే ప్రధానంగా ఎంచుకోవడానికి మన పల్లె స్త్రీలు ఇచ్చిన సాక్ష్యం ఒక ముఖ్యకారణం.

అయితే ఆ సాక్ష్యానికి ఒక మూల్యం ఉన్నది. ఫలితాన్ని పోల్చి చూడడానికి కొన్ని గ్రామాలలోని స్త్రీలకు పరీక్ష జరుపకుండా ఉంచినారు. వారికి పరీక్ష నిరాకరించడం ధర్మమా అని తరువాత వైద్యలోకంలోనే విమర్శ బయలుదేరినది. ఆనాడు దేశంలో ఎక్కడా పరీక్షలు లేవు గదా అని పరిశోధకులు సమాధానం చెప్పినారు. ఆ వాదంలో తీర్పు చెప్పడం నా పని కాదు. కాని ఒక మాట మాత్రం నిస్సందేహంగా చెప్పవచ్చును. మన స్త్రీల మూలంగా లోకానికి తెలిసిన సత్యం మన స్త్రీలకే ముందుగా ఉపయోగపడవలెను.

2016లో కేంద్ర ప్రభుత్వం వారు ముప్పైయేండ్లు దాటిన స్త్రీలందరికీ అయిదేండ్లకొకమారు వినెగారు పరీక్ష జరపవలెనని మార్గదర్శక సూత్రాలు ప్రకటించినారు. కాగితం మీద ఆ విధానం మంచిదే. కాని 2019, 2021 సంవత్సరాల మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ముప్పై నుండి నలభైతొమ్మిదేండ్ల స్త్రీలలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరని తేలినది. తమిళనాడులో నూటికి పదిమంది దరిదాపుగా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణాలోనూ అయిదుగురు కూడా లేరు.

ఇంత తక్కువ ఎందుకు? కొంతకాలం క్రిందట శబ్దలేఖనం కోసం ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళినాను. అక్కడి నర్సు నాతో చెప్పిన మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నవి. "అమ్మా, పరీక్ష చేయడం నేర్చుకున్నాను. కాని ఈ గదికి తెర లేదు, తలుపుకు గడియ లేదు. బయట బెంచీ మీద మగవారు కూర్చుని ఉంటారు. ఏ తల్లి ఒప్పుకుంటుంది చెప్పండి? ఎట్లాగో ఒప్పించి చూస్తిమా, తెల్లమచ్చ కనిపించినవారిని పెద్దాసుపత్రికి పొమ్మని చీటీ వ్రాసి ఇస్తాను. వెళ్ళినవారెవరో, వెళ్ళనివారెవరో నాకు మళ్ళీ తెలియదు." ఫిన్లండువారు అరవై ఏండ్ల క్రిందట నేర్చుకున్న పాఠాన్నే ఆమె నాకు నాలుగు మాటలలో చెప్పినది. ఒక తెర, ఒక గడియ, ఒక పేర్ల పుస్తకం, దోషం కనిపించినవారిని చేయిపట్టుకొని తీసుకొని వెళ్ళే మనిషి. వీటికయ్యే ఖర్చు కొద్దిపాటిది. ఈ నాలుగూ లేకపోతే ఎన్ని శిబిరాలు పెట్టినా, ఎన్ని ఛాయాచిత్రాలు తీసినా ఫలితం ఉండదు.

ఇక మన తెలుగు ప్రాంతాలకు సంబంధించిన ఒక విపరీతాన్ని చెప్పక తప్పదు. నూటికి అయిదుగురికైనా పరీక్ష జరగని ఈ నేల మీదనే గర్భసంచి తీసివేసే ఆపరేషన్లు మాత్రం విరివిగా జరుగుతున్నవి. 2015, 2016 సంవత్సరాల సర్వేలో ఈ ఆపరేషన్ల విషయంలో దేశమంతటిలోకి ఆంధ్రప్రదేశ్, తెలంగాణా రాష్ట్రాలే ముందున్నవి. ముప్పైయేండ్లకే, నలభైయేండ్లకే తీయించుకున్నవారెందరో! తెల్లబట్ట అవుతున్నదని వెళ్ళిన తల్లికి, "ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుంది, తీసివేద్దాం" అన్న మాట ఎక్కువ భయం పుట్టిస్తుంది. తెల్లబట్ట అంతా క్యాన్సర్ కాదు. అనేకమందిలో అది మందులతో నయమయ్యేదే. క్యాన్సర్ భయమే నిజమైతే, కోతకు ముందు చేయవలసినది పరీక్ష. అనవసరమైన ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శక సూత్రాలను రాష్ట్రాలన్నీ అమలు జరపవలెనని 2023లో సుప్రీంకోర్టు వారు ఆదేశించినారు. పరీక్ష చేయించుకునే అలవాటు లేనిచోట భయం వ్యాపారమవుతుందని ఈ అనుభవం మనకు నేర్పుతున్నది.

ఇప్పుడు టీకా సంగతి. ఈ వైరస్ సోకకుండా కాపాడే టీకా 2006 నుండి లోకంలో అందుబాటులోకి వచ్చినది. 2007లో ఆస్ట్రేలియా దేశం బాలికలందరికీ ఇవ్వనారంభించినది. 2011లో ఆఫ్రికాలోని రువాండా, మనకంటె బీద దేశం, బడుల ద్వారా నూటికి తొంభైమందికి పైగా బాలికలకు అందజేసినది. ఇంగ్లండులో పన్నెండు, పదమూడేండ్ల వయస్సులో టీకా వేయించుకున్న తరంలో ఈ క్యాన్సర్ నూటికి ఎనభైఏడు పాళ్ళు తగ్గినదని 2021లో ప్రకటించినారు.

మన దగ్గర దీని కథ మరొక దారి పట్టినది. 2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పది నుండి పధ్నాలుగేండ్ల బాలికలకు, సుమారు 14,000 మందికి, ఈ టీకా వేయడం ఆరంభించినారు. తరువాత గుజరాతులోని వడోదరా జిల్లాలో కూడా వేసినారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నడిపిన కార్యక్రమమిది. ఖమ్మంలో టీకా పొందినవారిలో అనేకులు గిరిజన బాలికలు, వసతిగృహాలలో ఉండి చదువుకునేవారు. రెండు జిల్లాలలోనూ కలిపి ఏడుగురు బాలికలు ఆ కాలంలో మరణించినారు. గొప్ప ఆందోళన చెలరేగినది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపివేసినారు. విచారణ సంఘం ఆ మరణాలను పరిశీలించి, నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు చూపి, టీకాకు వాటితో సంబంధం లేదన్న నిర్ణయానికి వచ్చినది. కాని మరొక సంగతి బయటపడినది. వేలకొలది సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వసతిగృహాల వార్డెన్లు సంతకాలు చేసినారు. తమ బిడ్డకు ఏమి వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో అడవిపల్లెలోని తల్లికి ఎవరూ చెప్పలేదు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం వారు దీనిని తీవ్రంగా ఖండించినారు.

టీకా మంచిదే. దానిని ఇచ్చిన తీరు మంచిది కాదు. ఈ రెండు మాటలనూ కలిపి పట్టుకోవడం కష్టం, కాని పట్టుకోక తప్పదు. తల్లి సమ్మతిని తోసివేసినందుకు ఫలితంగా ఏండ్లకు ఏండ్లు ఈ టీకా పేరెత్తితేనే జనం శంకించే స్థితి ఏర్పడినది. ఒక సంతకం మిగుల్చుకోబోయి ఒక తరం నమ్మకాన్ని పోగొట్టుకున్నాము.

విధి విలాసమేమో గాని, ఆ నిలిపివేత నుండి లోకానికి ఒక మేలు కూడా కలిగినది. ఆ కాలంలోనే మన దేశంలో మరొక పరిశోధన జరుగుతున్నది. ఈ టీకా రెండు మోతాదులు చాలునా, మూడు కావలెనా అన్నది దాని ప్రశ్న. 2010లో వచ్చిన ఆజ్ఞవల్ల అదికూడా ఆగిపోయి, దాదాపు 5,000 మంది బాలికలు ఒక్క మోతాదుతోనే మిగిలిపోయినారు. శాస్త్రజ్ఞులు వారిని విడిచిపెట్టకుండా పదేండ్లు గమనించినారు. ఒక్క మోతాదు కూడా, ముఖ్యమైన రెండు వైరస్ రకాలు శరీరంలో తిష్ఠ వేయకుండా, నూటికి తొంభైఅయిదు పాళ్ళు కాపాడుతున్నదని 2021లో తెలిసినది. ఈ సాక్ష్యాన్నీ, మరికొన్ని దేశాల సాక్ష్యాన్నీ చూచి, ఒక్క మోతాదు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంగీకరించినది. బీద దేశాల ఖర్చు, శ్రమ ఆ విధంగా తగ్గినవి. అదే సంవత్సరంలో పూనాలోని సీరం సంస్థ తయారుచేసిన దేశీయ టీకాకు మన దేశంలో అనుమతి లభించినది. 2024 ఫిబ్రవరిలో మధ్యంతర బడ్జెటు సమర్పిస్తూ, తొమ్మిది నుండి పధ్నాలుగేండ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని ఆర్థికమంత్రి ప్రకటించినారు.

2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ జబ్బును నిర్మూలించడానికి మూడు సంఖ్యలతో ఒక గురి పెట్టినది. 2030 నాటికి పదిహేనేండ్లలోపు బాలికలలో నూటికి తొంభైమందికి టీకా, ముప్పైఅయిదేండ్లకొకమారు, నలభైఅయిదేండ్లకొకమారు నూటికి డెబ్భైమంది స్త్రీలకు మేలైన పరీక్ష, దోషం కనిపించినవారిలో నూటికి తొంభైమందికి చికిత్స. మూడింటిలో ఏ ఒక్కటి కుంటుపడినా బండి సాగదు. టీకా వచ్చినది గనుక పరీక్ష అక్కరలేదనుకోవడం పొరపాటు. టీకా నేటి బాలికలను కాపాడుతుంది. నేడు నలభై, యాభై ఏండ్లు వచ్చిన వారి తల్లులను, మేనత్తలను కాపాడగలిగినది పరీక్ష ఒక్కటే.

ప్రభుత్వం వారి నుండి మనం కోరవలసినవి ఏమిటో ఇంతవరకు చెప్పినదానిలోనే ఉన్నవి. పేరుపేరునా పిలుపు, మర్యాదగల గది, చికిత్స దాకా వెంట నడిచే మనిషి, తల్లికి తెలిసిన భాషలో విషయం చెప్పి తీసుకున్న సమ్మతి. స్త్రీ తనంతట తానే నమూనా తీసి ఇవ్వగలిగిన హెచ్.పి.వి. పరీక్షలు కూడా నేడు ఉన్నవి. ఆస్ట్రేలియాలో 2022 నుండి ఈ వెసులుబాటు స్త్రీలందరికీ కలిగించినారు. సిగ్గువల్ల వెనుకంజ వేసే మన పల్లెలకు అంతకంటె తగిన పద్ధతి లేదని నా అభిప్రాయం.

మరి ఇంటి బాధ్యత? ముట్ల నడుమ గాని, దాంపత్యానంతరం గాని, ముట్లుడిగిన తరువాత గాని రక్తం కనిపించినా, దుర్వాసనతో బట్ట తడిసినా, అది దాచుకోవలసిన సంగతి కాదు, వెంటనే వైద్యురాలికి చూపవలసిన సంగతి. ఏ బాధా లేకపోయినా ముప్పైయేండ్లు దాటిన ప్రతి స్త్రీ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి ఈ పరీక్షను గురించి అడుగవలెను. ఈ ప్రసంగం వింటున్న మగవారికి ప్రత్యేకంగా ఒక మనవి. పండుగకు చీర కొనడం మరువని మీరు, ఆమెను ఒక పూట వెంటబెట్టుకొని ఆ కేంద్రానికి తీసుకొని వెళ్ళండి. బయట బెంచీ మీద కూర్చొనండి. ఆమె ఎందుకు వచ్చినదో నలుగురూ వినేటట్లు అడుగకండి. అది చాలును.

ఉత్తరం వ్రాసిన చెల్లెలికి జవాబు వ్రాసినాను. ఆమె మొదటి ప్రశ్నకు, "సాధనం ఉన్నది" అని వ్రాయడం సులభంగానే జరిగినది. రెండవ ప్రశ్న దగ్గర నా కలం చాలాసేపు ఆగినది. పదిహేనేండ్లుగా స్త్రీల కార్యక్రమాలు నిర్వహిస్తున్నాను. వంటలను గురించి, శిశుపోషణను గురించి, కుట్టుపనిని గురించి ఎన్నో చెప్పినాను. ఈ మాట మాత్రం, వినేవారు ఇబ్బంది పడతారేమోనన్న సంకోచంతో, ఇంత విప్పి ఎన్నడూ చెప్పలేదు. "చెప్పవలసినవారిలో నేను కూడా ఉన్నాను, చెప్పలేదు" అని ఒప్పుకొని సంతకం చేసినాను. ఆ లోపాన్ని కొంతవరకైనా దిద్దుకోవడానికే ఈ నాలుగు మాటలు. ఆమె తల్లికి చికిత్స జరుగుతున్నదట. ఆమెకు ముప్పైనాలుగేండ్లు. వచ్చే వారం తానూ, తన తోడికోడలూ కలిసి పరీక్షకు వెళుతున్నామని మళ్ళీ వ్రాసినది.